రెండు కళ్ల కెమెరా కొన్న పాపానికి

ఆ రోజుల్లో మేము ఏ వస్తువైనా ముందు కొనేసి, ఆ తరవాత దానితో మనకేం పని ఉందో వెతుక్కునేవాళ్లం. ఇప్పుడలా కుదరదట. మొన్న ఫోన్ తెరిస్తే ఒకడు, మీసాలు కూడా సరిగ్గా రానివాడు, మన అవసరానికి తగిన మీడియం ఫార్మాట్ ఫిల్మ్ కెమెరాను ఎంచుకోవడం ఎలాగో పావుగంట సేపు ఉపన్యాసం ఇస్తున్నాడు. ముందు కాగితం మీద అవసరాలన్నీ రాసుకోవాలట. బరువు మొయ్యగలమో లేదో ఆలోచించుకోవాలట. అంతవరకు సహించాను. చివర్లో, ఛాతీ దగ్గర పట్టుకుని తల దించి పై మూతలోంచి చూసే రెండు కళ్ల కెమెరాను చేతిలోకి తీసుకుని, "గ్రూప్ ఫోటోలకి కూడా ఇది భలే ఉంటుంది" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఫోన్ అవతలికి విసరబోయి, అది నాది కాదు, మా ఆవిడదని గుర్తొచ్చి ఆగాను. (ఆ తరవాత అరగంట పాటు నేను ఎవరితో పోట్లాడుతున్నానో అర్థంకాక ఆవిడ వీధి తలుపు దాకా వెళ్లి చూసి వచ్చింది.) గ్రూప్ ఫోటోలకి ఆ కెమెరా ఎంత భలే ఉంటుందో మా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో నాకు తెలిసినంతగా మరొకరికి తెలియదు. ఇన్నేళ్లు కోపం దిగమింగుకుని ఊరుకున్నాను. ఇవాళ చెప్పేస్తాను.

నాకప్పుడు ఇరవై మూడేళ్లు. శ్రీకాకుళంలో ఒక ఫోటో స్టూడియోలో పనిచేసేవాణ్ని. పని అంటే పెళ్లిళ్లలో లైటు పట్టుకోవడం, పాస్‌పోర్టు ఫోటోకి కూర్చున్నవాళ్ల గడ్డం వేలితో కాస్త పైకెత్తడం. బొమ్మ తీసే మీట మాత్రం ఓనరే నొక్కేవాడు. నేను నొక్కితే కెమెరా అరిగిపోతుందన్నట్టు చూసేవాడు. అలాంటి నాకు మా మావ ఒక పని పట్టుకొచ్చాడు. మావ అంటే మా అమ్మ తమ్ముడు. నాగావళి అవతల మా అమ్మమ్మగారి ఊళ్లో బాప్టిస్టు సంఘానికి కార్యదర్శి. ఆ ఊరి పాత పెంకుల మందిరం వానకి కారిపోతోంది, గోడలు బీటలిచ్చాయి, దాన్ని పడగొట్టి అదే చోట కొత్తది కట్టాలని సంఘం తీర్మానించింది. సోమవారం పొద్దున్నే పొక్లెయిన్ వస్తుంది. అంతకు ముందు ఆదివారం ఆరాధన అయ్యాక సంఘమంతా ఆ మందిరం ముందు నిలబడి ఒక ఫోటో దిగాలి, దాన్ని కొత్త మందిరం గోడకి నిలువెత్తున పెట్టాలి. పేరున్న స్టూడియోవాళ్లను పిలుద్దామని పెద్దలంతా అంటే మావ ఒక్కడే లేచి, "మా మేనల్లుడు ఉండగా బయటోల్లెందుకు? ఆడు తీస్తాడు. పూచీ నాది" అనేశాడు. ఆ గోడలు లేచేటప్పుడు మా అమ్మమ్మ చిన్నపిల్ల, ఏట్లోంచి ఇసక తట్టతో మోసిందట. "ఆ గుమ్మం ముందు నన్ను కూకోబెట్టి ఒక్క బొమ్మ తియ్యరా. అది పడిపోనాక నాను మోసినానంటే ఎవులు నమ్ముతారు?" అంది. మందిరం పడిపోయాక మళ్లీ తీయడానికి వీల్లేని ఫోటో అది. తీయవలసింది నేను.

నిలువెత్తు ప్రింటు అనేసరికి స్టూడియోలోని చిన్న రీలు కెమెరా పనికిరాదు. నూటపాతిక మందిని ఆ చిన్న నెగటివ్‌లో ఇరికించి గోడంత పెంచితే మొహాలు అలికేసినట్టుంటాయి. అప్పుడప్పుడే వస్తున్న డిజిటల్ కెమెరాలు అంతకంటే ఘోరం. కావలసింది పెద్ద రీలు కెమెరా. మీడియం ఫార్మాట్ అని ఆ ఫోన్‌లో కుర్రాడు గొప్పగా పలికాడే, అదే. రీలుకి పన్నెండో పదిహేనో బొమ్మలు మాత్రమే వస్తాయి గానీ ఒక్కో నెగటివ్ అగ్గిపెట్టె కంటే పెద్దది. మా ఓనరు దగ్గర ఒకటి ఉండేది, ఇవ్వనన్నాడు. (ఆదివారం సెలవు అడిగినందుకే ఆయన నాతో రెండు రోజులు మాట్లాడలేదు, కెమెరా కూడా అడిగేసరికి మొత్తానికే మానేశాడు.) సరే, నీ కెమెరా నువ్వే ఉంచుకో, నాదంటూ ఒకటి కొనుక్కుంటానని మనసులోనే గట్టిగా అరిచి, విజయనగరం బస్సెక్కాను.

గంటస్తంభం దగ్గర ఒక సందులో ఫోటో సామాన్ల కొట్టు ఉండేది. అందులో కూర్చునే పెద్దాయనను మేమంతా రీళ్ల సావుకారు అనేవాళ్లం. వాళ్ల తాతల నాటి వ్యాపారం. స్టూడియోలు ఒక్కొక్కటీ డిజిటల్‌కి మారిపోతూ పాత పెద్ద కెమెరాలను ఆయన దగ్గర వదిలించుకుంటున్న కాలమది. అద్దాల బీరువాలో మూడు ఉన్నాయి. ఆయనలో ఒక పెద్ద దుర్గుణం ఏమిటంటే అడిగింది ఇవ్వడు. ముందు ప్రశ్నలు వేస్తాడు.

"ఏటి తీస్తావు బాబూ?" అన్నాడు.

"ఫోటోలండి" అన్నాను.

"కెమెరాతో కూరలు తరగరని నాకూ తెలుసు. నిలబడినోల్లనా, పరిగెట్టేటోల్లనా? ఒక్కలినా, గుంపునా? సేత్తో పట్టుకుంటావా, స్టాండు మీద పెడతావా?"

నాకు చిరాకు అక్కడే మొదలైంది. గుంపు, స్టాండు, గోడంత ప్రింటు అని ముక్తసరిగా చెప్పాను. ఆయన కళ్లజోడు సర్దుకుని మొదటిది తీసి బల్ల మీద పెట్టాడు. ఒళ్లు చేసిన మామూలు కెమెరాలా ఉంది, కంటికి ఆనించుకుని చూడాలి. "ఇది తీసుకెల్లు. నీ పనికి ఇదే" అన్నాడు. రెండోది రుబ్బురోలు పొత్రమంత బరువుంది. మీట నొక్కితే లోపలి అద్దం లేచిన దెబ్బకి బల్ల అదిరింది. "ఇది స్టూడియోలో ఉండాల్సిన మనిషి, బస్సులెక్కలేదు" అని ఆయనే దాన్ని లోపల పెట్టేశాడు. మూడోదాన్ని అసలు తీయనే లేదు. నేనే వేలు పెట్టి చూపించాను. పైన ఒక కన్ను, కింద ఒక కన్ను, నల్ల తోలు, వెండి రంగు అంచులు, పక్కన రీలు తిప్పే చిన్న పిడి. పై కన్ను మనం చూడటానికి, కింది కన్ను బొమ్మ తీయడానికి. పై మూత తెరిచి తల దించి చూస్తే లోపల గాజు పలక మీద వీధంతా మెల్లగా కదులుతోంది. బయట కుడివైపు వెళ్లే రిక్షా లోపల ఎడమవైపు వెళుతోంది. నా మతి పోయింది.

"అది వొద్దు బాబూ" అన్నాడు సావుకారు. "అది ఒకలిద్దర్ని నెమ్మదిగా కూకోబెట్టి తీసుకునేది. గుంపుకి పనికిరాదు."

"నెగటివ్ దీనిదే ఇంకాస్త పెద్దది కదండీ?"

"నాను సెప్తన్నది నెగటివ్ గురించి కాదు. గుంపుని తీసేటోడి మొహం గుంపుకి కనబడాల. నువ్వు తల దించీసి పెట్టిలోకి సూస్తంటే ఆల్లు ఎవల్ని సూస్తారు? ఏటి సెయ్యాలో ఆల్లకెలగ తెలస్తాది?"

మొదటి కెమెరా ఎవరూ కొనక మూలపడి ఉంటుంది, అది నాకు అంటగట్టాలని చూస్తున్నాడనుకున్నాను. "నా పని నాకు తెలుసండి" అన్నాను. మీట నొక్కనివ్వని స్టూడియోలో పనిచేసేవాడు అన్న మాట అది. అసలు సంగతి ఏమిటంటే, ఆ రెండు కళ్లది మెడలో వేసుకుంటే నేను లైటు పట్టుకునేవాడిలా కనిపించను. నా అవసరమల్లా అదే. ఆయన నా మొహంలోకి ఒకసారి చూసి, "నీ ఇష్టం" అని గుడ్డతో తుడిచి చేతిలో పెట్టాడు. పెద్దమనిషన్నవాడు అలా వదిలేస్తాడా? నాలుగు తిట్టి మొదటిది చేతిలో పెట్టి పంపాలి గానీ. సరైన మాట చెప్పి, ఆ పైన నన్ను నా ఇష్టానికి వదిలేసినందుకు ఆయన మీద నాకు ఇప్పటికీ కోపమే.

మా సంఘం సంగతి ఇక్కడ కాస్త చెప్పాలి. ప్రార్థన లేకుండా మావాళ్లు ఏ పనీ మొదలుపెట్టరు. మైకు పెట్టినా ప్రార్థనే, మైకు విప్పేసినా ప్రార్థనే. భోజనానికి ముందు సరే, వడ్డించేవాళ్లు గరిటె పట్టుకునే ముందు వాళ్లకి వేరేగా ఇంకొకటి. పాస్టరుగారు చెయ్యెత్తి తల వంచితే చాలు, ఎవరూ చెప్పనక్కర్లేదు, అందరి కళ్లూ మూతపడతాయి, చంటిపిల్లల తలలు తల్లులే వంచేస్తారు. ఆదివారాలన్నీ పెళ్లిళ్లలో లైటుకి అప్పగించిన నేను ఈ అలవాట్లన్నీ మరిచిపోయి చాలా కాలమైంది. గుర్తున్నంత మటుకు జాగ్రత్తపడ్డాను. మావతో ముందే చెప్పాను: "ప్రార్థనలవీ తరవాత మావా, ముందు ఫోటో. ఎండ నడినెత్తికొస్తే కళ్ల కింద నీడలు పడతాయి, అందరికీ చెప్పీ." మావ సరేనన్నాడు. ఒక్కడికీ చెప్పలేదు. తరవాత అడిగితే, "ప్రార్థన వొద్దని సంఘానికి నానెలగ సెప్తాన్రా, కార్యదర్శిని" అన్నాడు.

ఆదివారం ఆరాధన పదకొండున్నరకి అయింది. గుమ్మం ముందు కుర్చీల వరసలో పాస్టరుగారు, పెద్దలు, వాళ్ల మధ్యలో తెల్ల చీరలో అమ్మమ్మ. వెనక నిలబడ్డవాళ్లు, వాళ్ల వెనక బెంచీలెక్కినవాళ్లు, చిట్టచివర మావ. ముందు మావ కోరిక మీద గంటగోపురం, గుమ్మం, ప్రసంగ వేదిక అంటూ ఖాళీ మందిరానికే ఎనిమిది బొమ్మలు ఖర్చయ్యాయి. గుంపుకి మిగిలినవి నాలుగు. (ఇంకో రీలు తెచ్చుకోలేదా అని అడగకండి, తెచ్చుకోలేదు.) ఇక సర్దడం మొదలుపెడితే, గాజు పలకలో కుడి ఎడమగా కనిపిస్తుంది కదా, చివరివాళ్లను లోపలికి తేవాలని ఇటు జరగమంటే వాళ్లు బయటికి జరుగుతున్నారు. వాళ్లు జరిగింది సరిగ్గానే, నేను చెప్పిందే తప్పు. "ఇటంటావు, అటంటావు, ఒకటి తేల్చి సెప్పు బాబూ, కాల్లు పీకేస్తన్నాయి" అని ఒక పెద్దాయన కసిరాడు. ఎండ నెత్తి మీదికి వచ్చేసింది. నాకు లోపల ఉడికిపోతోంది. ఎలాగో అందరూ చట్రంలోకి వచ్చారు. ఇక ఎవరూ కదలొద్దని ఎడమ చెయ్యి పైకెత్తి, అరచెయ్యి వాళ్లవైపు తిప్పి, కుడిచేత్తో మీటకి బిగించిన నొక్కుడు తాడు పట్టుకుని, తల వంచి గాజు పలకలోకి చూశాను.

ఒక్కసారిగా ఎంత నిశ్శబ్దమో చెప్పలేను. పసిపిల్ల కూడా కిక్కురుమనలేదు. మా ఓనరు గొంతు చించుకున్నా పెళ్లిజనం ఇంత కుదురుగా ఎప్పుడూ నిలబడలేదు. నా మీద నాకే గౌరవం పెరిగిపోయింది. గాజు పలక మీద మొహాలు ఆవగింజలంత ఉన్నాయి, ఎండకి అవీ సరిగ్గా కనబడటం లేదు. నా చూపంతా అటూ ఇటూ చివరివాళ్లు తెగిపోకుండా, పైన శిలువ తెగిపోకుండా చూసుకోవడం మీదే ఉంది. నొక్కాను. ముందు వరసలో ఎవరో మెల్లగా "ఆమేన్" అన్నారు. ఫోటో అయినందుకు సంతోషం కాబోలనుకున్నాను. తల ఎత్తితే అందరూ చక్కగా నావైపే చూస్తున్నారు. చెయ్యి దించి, పిడి తిప్పి, మళ్లీ చెయ్యెత్తి తల వంచాను. మళ్లీ అదే నిశ్శబ్దం. మళ్లీ ఆమేన్. అలా నాలుగుసార్లు. నాలుగోసారి నూటపాతిక గొంతులూ కలిసి అన్నాయి. నాకు ఒళ్లు పులకరించింది కూడా. పాస్టరుగారు వచ్చి భుజం తట్టి, "దేవుడు నిన్ను దీవించును గాక" అన్నారు. ఆయన అందరితోనూ అదే అంటారు కనక నేను ఏమీ అనుమానించలేదు.

సోమవారం పొక్లెయిన్ వచ్చింది. మధ్యాహ్నానికి మందిరం పెంకుల కుప్ప అయింది. బుధవారం విశాఖపట్నం లాబ్ నుంచి చిన్న ప్రింట్లు వచ్చాయి. గుమ్మం అద్భుతంగా వచ్చింది. గోడ మీది బీటలు లెక్కపెట్టుకోవచ్చు. భూతద్దం తీసి పాస్టరుగారి మొహం చూశాను, కళ్లు మూసి ఉన్నాయి. పక్కాయన కూడా అంతే. వెనక వరసలో ఒకమ్మాయి, ఆమె వెనక ఇద్దరు కుర్రాళ్లు, బెంచీ చివర మా మావ, అందరూ కళ్లు మూసి, తలలు కాస్త వంచి. రెండో ఫోటో అంతే. మూడో ఫోటో అంతే. ఇక మిగతా మొహాలు చూడబుద్ధి కాక భూతద్దం బల్ల మీద పడేసి, ఆ చిన్న ప్రింట్లు పట్టుకుని మావ ఇంటికి పోయాను.

"అందరూ కళ్లెందుకు మూసుకున్నారు మావా?" అన్నాను. అన్నానని రాస్తున్నాను గానీ, వీధి చివరి దాకా వినబడింది.

మావ ఫోటోను దగ్గరగా ఒకసారి, దూరంగా ఒకసారి పట్టుకుని చూశాడు. "ప్రార్థన కదేటి" అన్నాడు.

"ప్రార్థన ఎవరు చేశారు?"

"నువ్వే."

"నేను ఫోటో తీస్తన్నాను మావా."

"ఫోటో తీసేటోడు కెమెరా కంటికెట్టుకుని మొహమెత్తి సూస్తాడు. సెయ్యెత్తి తల దించినోడు ప్రార్థన సేస్తాడు. మౌన ప్రార్థన అనుకున్నాం."

"నాలుగుసార్లా?"

"మొదటిది పాత మందిరానికనుకున్నాం. రెండోది కొత్తదానికి. మూడోది ఎందుకో నాకూ తెలీనేదు. నాలుగోది నీ పెల్లికేమో అనుకుని నాను కొంచెం గట్టిగానే ఆమేన్ అన్నాను" అన్నాడు. ఆ తరవాత కుర్చీలో కూలబడి, "శుక్రవారం కమిటీ ఉన్నాదిరా. పూచీ నాది అన్నాను. నూటపాతిక మందిలో ఒక్కలికీ కల్లు నేవని ఆల్లకెలగ సెప్పాల?" అన్నాడు. అప్పుడు నాకు రీళ్ల సావుకారు మాట గుర్తొచ్చింది. గుర్తొచ్చి ఇంకా మండింది. మావ మీద మండింది, సంఘం మీద మండింది, నాలుగుసార్లు ఆమేన్ విన్నా నొక్కే ముందు ఒక్కసారి కూడా తల ఎత్తి చూడని నా వెధవ మెడ మీద అన్నిటికంటే ఎక్కువ మండింది.

శుక్రవారం కమిటీ లోపల కూర్చుంటే నేను వాకిట్లో నిలబడ్డాను. పెద్దవాళ్ల గొంతులు వినబడుతూనే ఉన్నాయి. బయటివాళ్లను పిలవాల్సిందని ఒకరు, మందిరమే లేనప్పుడు ఇప్పుడెవరిని పిలిచి ఏం లాభమని ఇంకొకరు. మావ గొంతు మాత్రం ఒక్కసారీ వినబడలేదు, అదే నాకు ఎక్కువ బాధ అనిపించింది. చివరికి పాస్టరుగారు ఫోటోను చాలాసేపు చూసి, "మందిరం ముందు సంఘం చెయ్యవలసిన పని ఇదే కదండీ. కింద 'ప్రార్థనలో మన సంఘం' అని రాయిద్దాం" అన్నారు. అంతటితో తీర్మానం అయిపోయింది. అది ఇవాళ్టికీ కొత్త మందిరం గోడ మీద ఉంది. వచ్చినవాళ్లందరూ ఆ క్షణాన్ని ఎలా పట్టాడండీ అని మెచ్చుకుంటారు. పక్క ఊళ్ల సంఘాలవాళ్లు, "మాకు కూడా అలాగే కళ్లు మూయించి తియ్యి బాబూ" అని పిలిచారు. ఆ పిలుపులతోనే నేను లైటు వదిలి మీట పట్టుకున్నాను. ఆ తరవాత కళ్లు తెరిచినవాళ్లను ఎన్ని వేలమందిని తీశానో, వాటి గురించి ఒక్కడూ అడగడు. ఎవరైనా ఆ ఫోటోను పొగిడితే నేను అక్కణ్నుంచి లేచి వెళ్లిపోతాను.

కానీ ఒక సంగతి ఉంది. నిలువెత్తు ప్రింటు గోడకి పెట్టే ముందు అమ్మమ్మకి చూపించాలని వాళ్లింటికి తీసుకెళ్లి మంచం మీద పరిచాను. అంత పెద్దదిగా నేనూ అప్పుడే చూడటం. ముందు వరస మధ్యలో అమ్మమ్మ, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, తల ఎత్తి, కళ్లు బాగా తెరిచి తిన్నగా నావైపు చూస్తోంది. సంచీలోంచి మిగతా మూడు చిన్న ప్రింట్లు తీసి చూశాను. నాలుగింట్లోనూ అంతే. నాకు కోపం ముంచుకొచ్చింది. ఒక్కరు తెరిచారంటే మిగతా అందరూ మూసుకున్నట్టు ఇంకా స్పష్టంగా తెలిసిపోతుంది కదా.

"అందరూ మూసుకున్నారు, నువ్వెందుకు మూసుకోనేదు అమ్మమ్మా?" అన్నాను.

"నువ్వు ప్రార్థన సేస్తన్నావని సూసినాను" అంది.

"ప్రార్థనప్పుడు కళ్లు మూసుకోవాలి కదా?"

"నీకు ప్రార్థన సేసే మనసియ్యమని దేవుణ్ని నీ సిన్నప్పటినించీ కల్లు మూసుకునే అడిగినానురా. ఆయన ఇచ్చిన రోజు కూడా మూసుకుంటానేటి?"

నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. నేను చేసింది ప్రార్థన కాదు, చివరివాళ్లు తెగిపోకుండా చూసుకోవడమని. ఆలోపే ఆవిడ నన్నే చూస్తూ, "ఏటడిగినావురా ఆయన్ని?" అంది.

"ఫోటో బాగా రావాలని" అన్నాను.

ఆవిడ వంగి, ఆ కాగితం మీద తను ఇసక మోసిన గోడను వేలితో ఒకసారి తడిమి, "వొచ్చింది కదా మరి" అంది.

అప్పుడు కూడా నాకు కోపమే వచ్చింది. ఎవరి మీదో ఇన్నేళ్లయినా తేలలేదు. ఇప్పుడు మాత్రం ఆ ఇరవై మూడేళ్లవాణ్ని తలుచుకుంటే, చెయ్యెత్తి తల వంచి గాజు పలకలోకి కళ్లు చిట్లించుకుని చూస్తున్నవాణ్ని తలుచుకుంటే నవ్వొస్తుంది. ఒక్కసారి తలెత్తి ముందు వరస చూడరా అని వాడికి చెప్పాలనిపిస్తుంది.